గురమ్మ ఇంటి లెక్కలో మా నాన్న

అరసవల్లి దర్శనం బాగా జరిగిందా, శ్రీకూర్మం వెళ్ళారా, రామతీర్థం మెట్లెక్కారా? వేసవి సెలవుల్లో ఉత్తరపు జిల్లాలు తిరిగొచ్చానని తెలిసినప్పటి నుంచి మా బళ్ళో తోటి పంతులమ్మలు అడుగుతున్నవి ఇవే. ఏ గుడీ చూడలేదంటే ఎవరూ నమ్మరు. సెలవులు సగం తగలేసి, రైళ్ళూ బస్సులూ లారీలూ మారి, నేను వెతికింది పాత జనాభా లెక్కల కాగితం ఒకటి. అది దొరికింది. దొరక్కపోయినా బాగుండేదని ఇప్పుడనిపిస్తోంది. అయినా, అటు వెళ్ళనివాళ్ళ కోసం, వెళ్ళినది వెళ్ళినట్టు రాస్తాను.

మా నాన్న పేరు తవుడు. ఈ పేరు వింటే గుంటూరు, బెజవాడ వైపు వాళ్ళకు నవ్వొస్తుంది. విజయనగరం దాటితే ఎవరూ నవ్వరు. వీధికో తవుడు, ఇంటికో తవిటమ్మ ఉంటారు. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతున్న ఇంట మళ్ళీ బిడ్డ పుడితే, ఆ బిడ్డను ఇరుగుపొరుగువాళ్ళకు చేటెడు తవుడుకు అమ్మేస్తారు. అమ్మకం మాటకే. బిడ్డ తల్లి దగ్గరే పాలు తాగుతాడు, తల్లి దగ్గరే పెరుగుతాడు. ఇంత చవకసరుకు మనకెందుకని మృత్యువు వదిలేసి పోతుందని నమ్మకం. మా నాన్నను కొన్నది ఎదురింటి చాకలి గురమ్మ.

మా తాత రైతు. పెద్దభార్యకు ఇద్దరు కొడుకులు. రెండో భార్యకు దక్కిన ఒక్క కొడుకు మా నాన్న. నాన్నకు ఎనిమిదేళ్ళున్నప్పుడు తాత పోయాడు. పొలం పంచుకునేనాడు సవతి అన్నలు ఊరి పెద్దల ముందుకు కరణం చేత పాత జనాభా లెక్కలు తెప్పించారు. అందులో మా నాన్న గురమ్మ ఇంట్లో, గురమ్మ కొడుకుగా ఉన్నాడు. చాకలిదాని కొడుక్కి మా పొలంలో వాటా ఏమిటన్నారు అన్నలు. అది తవుడు మొక్కేనని, వాడు ఆయమ్మ కడుపున పుట్టినవాడేనని గురమ్మ మొత్తుకుంది. ఆమె మాట ఎవరు వింటారు? పెద్దలు తల్లినే అడిగారు. తల్లి కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. కొడుకు వైపు ఒకసారి చూసింది. మాట్లాడలేదు.

రెంటికీ చెడ్డ రేవడి అంటారే, అలా అయింది మా నాన్న బతుకు. రంగూను వెళ్ళే కూలీల గుంపు వెంట కుండలు మోసేందుకు వెళ్ళిపోయాడు. అక్కడి బియ్యం మిల్లుల్లోనే పెద్దవాడయ్యాడు, అక్కడే పెళ్ళి చేసుకున్నాడు, నేను అక్కడే పుట్టాను. బాంబులు పడుతుంటే పారిపోయి వచ్చి విశాఖపట్నంలో పడ్డాం. అప్పటి నుంచి పాతికేళ్ళు కంచరపాలెంలో ఉన్నాం. పుట్టిన ఊరు ఎన్నో మైళ్ళ దూరంలో లేదని తెలిసీ ఆయన ఒక్కసారి కూడా అటు వెళ్ళలేదు. మిల్లు దుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడయ్యాయి. "నన్ను కొన్నదీ తవుడే, తినీసిందీ తవుడే" అని దగ్గు మధ్య నవ్వుతాడు.

అమ్మ పోయాక ఆయనకు నేనూ, నాకు ఆయనా మిగిలాం. కిందటి మాఘమాసంలో డాక్టరు పెదవి విరిచిన సాయంత్రం నాన్న నన్ను మంచం దగ్గరకు పిలిచాడు.

"ఆ లెక్కల్లో నన్ను గురమ్మింట్లో రాయించినోలు ఎవులో కనుక్కోని రా అమ్మీ. మాయన్నలే అయ్యుంటారు" అన్నాడు.

ఆ చివరిమాటలో యాభై ఏళ్ళ ఆశ ఉంది. అన్నలు రాయించి ఉంటే, తల్లి వాళ్ళకు భయపడి నోరు మూసుకుందని సరిపెట్టుకోవచ్చు. తల్లే రాయించి ఉంటే సరిపెట్టుకోవడానికి ఏమీ లేదు.

ఊరి పేరు కొత్తవలస అని మాత్రం గుర్తుంది ఆయనకు. ఊరి పక్కన ఏరు, దూరంగా కొండ. సంతనాడు కొండవాళ్ళు అడ్డాకులూ చింతపండూ తెచ్చేవారు. ఓడెక్కేముందు దారిలో ఎక్కడో ఉప్పుకుప్పల పక్కన నిద్రపోయాడు. ఎనిమిదేళ్ళవాడికి అంతకంటే ఏం గుర్తుంటుంది?

విజయనగరం

రైల్లో నా ఎదురుగా మామిడిపళ్ళ గంపతో ఒక పెద్దావిడ కూర్చుంది. ఎక్కడికని అడిగింది. కొత్తవలస అన్నాను.

"ఓలమ్మో, దాటీసినాం కదేటి! ఇందాకల పెద్ద టేసను వొచ్చినాదే, అదే కొత్తవలస" అని గుండె బాదుకుంది.

ఆ జంక్షను కాదు, ఇంకో కొత్తవలస అని చెప్పాను. అంతే, పెట్టెలో వాళ్ళందరూ తలో కొత్తవలసా ఇవ్వడం మొదలుపెట్టారు. ఒకాయన మేనత్తది కొత్తవలస. ఒకాయన ఎద్దులు కొన్నది కొత్తవలసలో. ఈ ప్రాంతంలో పాత ఊరు వదిలి నాలుగు కుటుంబాలు ఎక్కడ పాకలు వేసుకున్నా అది కొత్తవలసే. వందేళ్ళయినా కొత్తదే.

గంపావిడకు నా ఊరి కంటే నా సంగతే ఎక్కువ కావాలి. ఒక్కర్తివే ఎలిపోతన్నావా, పెళ్ళి కానేదా, మరి ముసలాణ్ణి ఎవులు సూస్తారు అని వరసపెట్టి అడిగింది. మా విశాఖలో మనుషులు మనసులో అనుకుని ఊరుకునేవన్నీ ఇక్కడ ముఖాన అడిగేస్తారు. కోపం వచ్చింది కానీ, దిగేటప్పుడు రెండు పళ్ళు ఒళ్ళో పడేసి "అయ్యకి పెట్టు" అంది. ఆ పళ్ళు అయ్యదాకా రాలేదు. స్టేషనులో కాఫీ అని పదిహేను పైసలకు ఇచ్చిన నీళ్ళు తాగలేక రెండూ నేనే తినేశాను.

శ్రీకాకుళం

ఆమదాలవలసలో దిగి బస్సులో శ్రీకాకుళం చేరాను. సర్కారు ఆఫీసులో జనాభా లెక్కల పుస్తకాలు చూపించమని అర్జీ పెట్టుకుంటే, వేసవి వడగాలికి తడిగుడ్డ నెత్తిన వేసుకున్న గుమాస్తా ఒకాయన లావుపాటి అచ్చు పుస్తకాలు దులిపి నా ముందు పడేశాడు. మంచివాడే. పేజీలు తిప్పుతుంటే ఊరి పేరు, ఇళ్ళెన్ని, మగవాళ్ళెంతమంది, ఆడవాళ్ళెంతమంది, చదువొచ్చినవాళ్ళెంతమంది. అంతే.

"పేర్లేవండీ?" అన్నాను.

"పేర్లేటండి టీచరుగారూ! మాకు తలకాయలే కావాల. లెక్కేసీసినాక మనిషికో పేరు రాసిన చీటీలు ఉంచరు కదండీ. కొన్ని తగలెట్టీసుంటారు, కొన్ని కాటాకి అమ్మీసుంటారు."

అంటే మా నాన్న చీటీలో ఎవరో మరమరాలు పొట్లం కట్టించుకుని తినేసి ఉంటారు. మా తాత చీటీలో జీళ్ళు. చిన్నప్పుడు రంగూను బడిలో జనాభా లెక్కల గురించి పాఠం ఉండేది. రాజ్యంలో ప్రతి మనిషినీ సర్కారు గుర్తుంచుకుంటుందని పంతులు చెప్పాడు. ఆ పంతులు ఇప్పుడెక్కడున్నాడో గానీ, కనబడితే అడగాలని ఉంది.

నా మొహం చూసి గుమాస్తా జాలిపడ్డాడు. ఊళ్ళో లెక్కలు రాసేది కరణాలే గనక, పాత కరణాల ఇళ్ళల్లో చిత్తుప్రతులు అటకమీద పడుంటాయని, అదృష్టముంటే చెదలు వదిలేసినవి దొరుకుతాయని చెప్పాడు. ఆయన సాయంతో పుస్తకంలోని కొత్తవలసలన్నీ రాసుకున్నాను. తెల్లకాగితం నిండింది.

ఆ రాత్రి హోటల్లో రూపాయి భోజనం. పప్పులో కూడా బెల్లం వేసి తినడం వీళ్ళకే చెల్లింది. మజ్జిగ మాత్రం కడుపునిండా పోశారు.

నౌపడ

ఇక్కడ నా తెలివి చూడండి. కొండవాళ్ళు సంతకు వచ్చే ఊరని నాన్న చెప్పాడు. ఉప్పుకుప్పల పక్కన పడుకున్నాననీ చెప్పాడు. మొదటిది గాలికి వదిలేసి రెండోది పట్టుకున్నాను. నౌపడ దగ్గర ఉప్పుమడులున్నాయి, దగ్గర్లో ఒక కొత్తవలస ఉంది, ఇంకేం కావాలని రైలెక్కాను.

వేసవి ఉప్పు తీసే కాలం. కంటికి ఆనినంత మేర తెల్లటి కుప్పలు, వాటి మీద ఎండ పడి కళ్ళు తెరవనివ్వదు. ఆడవాళ్ళు తట్టలతో ఉప్పు మోస్తున్నారు. పాదాలు పగిలి బీటలు వారి ఉన్నాయి. ఆ పగుళ్ళలోకి ఉప్పునీళ్ళు వెళితే ఎలా ఉంటుందో అడగాలనుకుని సిగ్గేసి మానుకున్నాను.

నాలుగు పాకల ఆ కొత్తవలసలో అప్పన్న అనే ముసలాయన నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. మా నాన్న పేరు తవుడని, చిన్నప్పుడు రంగూను వెళ్ళాడని అప్పటికే ఎవరో చెప్పేశారు.

"మా తమ్ముడే. మా తవుడే. ముక్కు సూడండ్రా, మాయమ్మ ముక్కే!" అన్నాడు.

ఆయన తమ్ముడి పేరూ తవుడే. రంగూను వెళ్ళి తిరిగిరాలేదు. కాకపోతే ఆ తవుడు వెళ్ళేనాటికి పెళ్ళాం, ఇద్దరు పిల్లలు. మా నాన్న ఎనిమిదేళ్ళ పిల్లవాడని చెప్పాను. వయసు తప్పు చెప్పుంటాడన్నాడు అప్పన్న. గురమ్మ సంగతి చెప్పాను. కోపంతో కట్టుకథ చెప్పుంటాడన్నాడు. నేను కాదన్న కొద్దీ ఆయన కళ్ళలో నీళ్ళు ఎక్కువయ్యాయి. కోడలి చేత చోడి అంబలి, అంటే రాగి అంబలే, పోయించి, ఎండు నెత్తళ్ళ చేపల పులుసు పెట్టించాడు. అంత రుచైన పులుసు నేనెక్కడా తినలేదు. తినడానికి నాకు హక్కు లేదనిపిస్తూనే రెండోసారి వేయించుకున్నాను.

మా నాన్న ఎప్పుడైనా ఉప్పుమడిలో పనిచేసిన సంగతి చెప్పాడా అని కోడలు మెల్లగా అడిగింది. ఎప్పుడూ చెప్పలేదన్నాను. ఆమె మామగారి వైపు చూసి తలదించుకుంది. ఈ మడుల్లో పుట్టినవాడెవడూ ఉప్పు సంగతి చెప్పకుండా ఉండడు. ఆయనకూ తెలుసనుకుంటాను. అయినా బయల్దేరేటప్పుడు శేరు ఉప్పు మూటకట్టి నా చేతిలో పెట్టాడు.

"కోపముంటే మానీమని సెప్పు. ఇంకెన్నాళ్ళమ్మా?" అన్నాడు.

అది నా మూట కాదని తెలిసీ తీసుకున్నాను.

సాలూరు

కొండవాళ్ళ సంత గురించి ముందే ఆలోచించి ఉంటే బొబ్బిలి నుంచి సాలూరు వెళ్ళే చిన్న రైలు తిన్నగా ఎక్కేదాన్ని. దిగగానే మబ్బు పట్టినట్టు నీలంగా కొండలు, స్టేషను బయట లారీలు. సాలూరులో మనుషుల కంటే లారీలు ఎక్కువేమో అనిపిస్తుంది. మేం బడి గోడల మీద పద్యాలు రాయిస్తే వీళ్ళు లారీల మీద దేవుళ్ళను రాయిస్తారు.

నా కాగితంలో ఉన్న ఇక్కడి కొత్తవలసకు బస్సు కోసం నిలబడితే ఒక కానిస్టేబులు వచ్చి ఆరా తీశాడు. కొండల్లో గిరిజనుల గొడవల వల్ల కొత్తముఖం కనిపిస్తే చాలు అడుగుతున్నారు. పాత జనాభా లెక్కల కోసం వచ్చానని చెప్పాను. ఒంటరి ఆడమనిషి అరవయ్యేళ్ళ నాటి కాగితం కోసం ఇంతదూరం వస్తుందంటే ఆయనకు నమ్మబుద్ధి కాలేదు. సంచీ దింపించి చూశాడు. ఉప్పుమూట చూసి మరీ అనుమానపడ్డాడు.

"ఇందులో ఏటున్నాది?"

"ఉప్పు."

"సాలూర్లో ఉప్పు దొరకదేటి?"

అక్కడే చింతపండు బస్తాలు దించుతున్న లారీ డ్రైవరు నన్ను ఆదుకున్నాడు. "పంతులమ్మ మావా, మొహం సూస్తే తెలీదేటి? నాను దింపీస్తాను" అని నన్ను ముందు సీట్లో ఎక్కించుకున్నాడు. అర్ధరూపాయి తీసుకుని, దారంతా తన కూతురికి లెక్కలు రావడం లేదని చెప్పుకున్నాడు. ఏరు దాటాక మలుపులో ఆపి, అదిగో కొత్తవలస అని చూపించాడు. దూరంగా కొండ ఉంది. నాన్న చెప్పిన కొండ.

కొత్తవలస

ఊళ్ళోకి అడుగుపెట్టగానే వీధిలో ఆడవాళ్ళందరూ పిల్లల్ని చంకనేసుకుని లోపలికి పారిపోయారు. తెల్లచీర, చేతిలో సంచీ, కళ్ళజోడు. కుటుంబనియంత్రణ ఆపరేషన్లకు మనుషుల్ని వెతుక్కుంటూ వచ్చిన సర్కారు ఆవిడననుకున్నారు. నిజం తెలిశాక ఒక్కొక్కరే బయటికొచ్చి నవ్వారు.

ఊరి కరణంగారు నెమ్మదైన మనిషి. అప్పటి లెక్కలు రాసింది వాళ్ళ తాత. అటక మీద నుంచి గుడ్డ మూటలు దింపించి, దుమ్ముకు తుమ్ముతూ, విసుక్కోకుండా వెతికి పెట్టాడు. అంచులు చెదలు తిన్న కాగితం. ఇంటి వరస, పేరు, వయసు. మా తాత పేరు ఉంది. పెద్దభార్య, ఆమె ఇద్దరు కొడుకులు. రెండో భార్య పేరు సింహాద్రమ్మ. నా నాయనమ్మ పేరు సింహాద్రమ్మ అని నాకు అప్పుడే తెలిసింది. నాన్న ఎప్పుడూ ఆ పేరు పలకలేదు. ఆమె పేరు కింద పిల్లలెవరూ లేరు. తర్వాతి ఇల్లు గురమ్మది. కూతురు అప్పయ్యమ్మ. కొడుకు తవుడు, ఏడాది.

"ఇలా చెప్పి రాయించింది ఎవరండీ?" అని అడిగాను.

"గడపలో నిలబడి అడుగుతాం, ఆ ఇంటివాళ్ళు ఏం చెబితే అది రాస్తాం. చెప్పినవాళ్ళ పేరు రాసే గడి ఉండదమ్మా" అన్నాడు కరణం.

ఇంతదూరం వచ్చి చూసిన కాగితం నాకు తెలిసిందే చెప్పింది. తెలియనిది చెప్పలేదు.

మా తాత ఇంట్లో ఇప్పుడు సవతి పెదనాన్న కొడుకు రామినాయుడు ఉంటున్నాడు. పెంకుటిల్లు, అరుగు మీద కొత్త రేడియో. వరసకు అన్న. "అన్నయ్యా" అనే పిలిచాను. ఆయన మాత్రం "టీచరమ్మగారూ" అన్నాడు. నేను నోరు తెరవకముందే, మా తాత పొలం సగం ఏట్లో కోసుకుపోయిందనీ, మిగిలింది అప్పులకు పోయిందనీ, పంపకాలు ఎప్పుడో అయిపోయాయనీ చెప్పుకొచ్చాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు. భూమి కోసం రాలేదన్నాను.

"మరెందుకొచ్చినట్టో?" అన్నాడు.

లోపల్నుంచి ఆయన భార్య చల్ల గ్లాసు తెచ్చింది. నేను తాగి దించేదాకా ఆయన ఆ గ్లాసు వైపే చూస్తూ కూర్చున్నాడు. లోపలికి రమ్మని అనలేదు. మా నాన్న పుట్టిన ఇల్లు అరుగు మీద నుంచే చూసి లేచాను.

వీధికి అడ్డంగా పదడుగులు వేస్తే గురమ్మ ఇల్లు. తాటాకు పాక. గడపలో ఒక ముసలావిడ చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పొగ పీలుస్తోంది. అడ్డచుట్ట. రంగూనులో బర్మా ఆడవాళ్ళు చేతిమందం చుట్టలు కాల్చేవారు గానీ, ఇలా నిప్పును నోట్లో దాచుకునేవాళ్ళు కారు.

"ఎవులు కావాల?" అంది, చుట్ట తీయకుండానే.

"అప్పయ్యమ్మగారంటే..."

"నానే. ఏటి?"

తవుడు కూతుర్నని చెప్పాను. ఆమె చుట్ట తీసి నేలకు రాసి ఆర్పింది.

"మా తమ్ముడు బతికున్నాడేటి?"

ఉన్నాడన్నాను. ఆ ఊళ్ళో మా నాన్నను తమ్ముడన్న మనిషి ఆమె ఒక్కతే. నేనూ ఆ గడప మీదే కూర్చున్నాను. పిలవమని ఎవరూ చెప్పకుండానే "అత్తా" అని నోట వచ్చేసింది. నాన్న అడగమన్నది అడిగాను. లెక్కల్లో అలా రాయించింది ఎవరు?

"మీ నాయనమ్మే" అంది అప్పయ్యమ్మ. "ఎవులో ఏటి, ఆయమ్మే. నాను అక్కడే ఉన్నాను. ఎనిమిదేళ్ళ గుంటని. కరణం బాబు సందలడ్డాక లాంతరట్టుకోని వొచ్చినాడు. ఇంట్లో పిల్లలెంతమంది అన్నాడు. సవితి పిల్లలిద్దర్నీ సెప్పింది. నీకో అంటే, నాకు పిల్లల్నేరు బాబూ అంది. అనీసరికి గుంటడు ఆయమ్మ ఒళ్ళో పాలు తాగతన్నాడు."

"ఒళ్ళో ఉన్నవాడు?"

"ఆ బాబూ అదే అడిగినాడు. గురమ్మ కొడుకు, పాలిస్తన్నాను అంది. కరణం నవ్వీసి రాసీసినాడు. మాయింటికొచ్చి అడిగితే మాయమ్మ ఏటంటాది? ఆయమ్మ సెప్పిందే రాయండి బాబూ అంది."

"ఎందుకత్తా? అది మొక్కే కదా. సర్కారు లెక్కకు నిజం చెబితే ఏం పోయింది?"

అప్పయ్యమ్మ నా వైపు జాలిగా చూసింది. పెద్దచదువులు చదివి ఇది కూడా తెలియదా అన్నట్టు కాదు, ఈ పిల్లకు ఎవరూ చెప్పలేదే అన్నట్టు.

"తవుడుకి అమ్మినాక, పెళ్ళినాడు మళ్ళీ తవుడిచ్చి కొనుక్కోవాల. అందాకా నా కొడుకని నోట అనకూడదు. ఈడికి ముందర పుట్టిన గుంటణ్ణీ ఇలగే అమ్మింది. ఆడు ఏడాది నిండి బొద్దుగున్నాడు. ఎవులో వొచ్చి ఎవులి పిల్లడమ్మా అంటే, సంబరంలో నా కొడుకే అనీసింది. నెల తిరక్కండా ఎలిపోనాడు. అప్పుట్నుంచి ఆయమ్మ నోటికి తాళమే."

పంచాయతీనాడు ఏం జరిగిందో కూడా ఆమె చూసింది. ముగ్గురు పెద్దలు మార్చి మార్చి అడిగారట. వీడు నీ కొడుకా కాదా, ఒక్క మాట చెప్పు. ఆ ఒక్క మాట చెబితే పొలం వస్తుంది, కొడుకు ఇంట్లో ఉంటాడు. ఆ ఒక్క మాట చెబితే కొడుకు చచ్చిపోతాడు. ఆమెకు రెండోదే నిజం. నోరు జారుతుందేమోనని కొంగు కుక్కుకుంది.

"ఇంటికొచ్చి పెదవి సూస్తే నెత్తురు" అంది అప్పయ్యమ్మ.

కొడుకు లేని ఆడదని సవతి కొడుకులు ఆమెను పశువుల సాలలోకి నెట్టారు. ఊరివాళ్ళ వడ్లు దంచి బతికింది. దంచినప్పుడల్లా ముంతెడు తవుడు వేరుగా తీసి కుండలో పోసి చూరుకు కట్టేది. రంగూను నుంచి పెళ్ళి కబురు వస్తుంది, ఆ రోజు గురమ్మకు తవుడిచ్చి కొడుకును కొనుక్కుంటుంది, అప్పుడు ఊరంతా వినేలా నా కొడుకు అంటుంది. పాత తవుడు పురుగు పడితే పారబోసి, కొత్తపంట రాగానే మళ్ళీ నింపేది. గురమ్మ పోయాక, ఆ తవుడు తనే పుచ్చుకుంటానని అప్పయ్యమ్మ మాట ఇచ్చింది.

"రంగూను మీద బాంబులడ్డాయని సెప్పినా ఆయమ్మ ఇన్నేదు. పెళ్ళి కబురు రానేదు కదా, ఆడు గురమ్మ కొడుకే కదా, ఆడికేటీ అవదు అనీది."

ఎప్పుడు పోయిందని అడిగాను. అప్పయ్యమ్మ తన మనవడి పుట్టుక లెక్కన చెప్పింది. వేళ్ళు మడిచి చూసుకున్నాను. మేం విశాఖపట్నం వచ్చాక ఆమె ఇంకా ఆరేళ్ళు బతికే ఉంది. ఆ ఆరేళ్ళూ మేం కంచరపాలెంలో ఉన్నాం. ఉదయం బయల్దేరితే సాయంత్రానికి సాలూరు.

"ఆ కుండ ఏమయింది?" అన్నాను.

"గేదికి పెట్టీసినాను. మరేటి సేస్తాం?" అంది.

ఆ రోజు అక్కడే ఉండిపోయాను. రాగిముద్ద, చింతచిగురు పులుసు పెట్టింది. తెల్లారి నన్ను లారీ మలుపుదాకా సాగనంపుతూ, తమ్ముణ్ణి ఒకసారి తీసుకురమ్మంది. వస్తాడని చెప్పాను. ఆయన మంచం దిగలేడని చెప్పడానికి నోరు రాలేదు.

కంచరపాలెం

దారిపొడుగునా ఆలోచించాను. సగం చెబితే చాలు కదా? తల్లే రాయించింది, నిన్ను బతికించుకోవడానికి రాయించింది. అంతటితో ఆపేస్తే ఆయన సుఖంగా కన్నుమూస్తాడు. పెళ్ళి కబురు సంగతి దాచేయాలనే నిశ్చయించుకుని ఇంట్లో అడుగుపెట్టాను.

నాన్న దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నా మొహం చూడగానే "మాయమ్మే కదా?" అన్నాడు.

అవునన్నాను. కొండ, ఏరు, అప్పయ్యమ్మ, లాంతరు, ఒళ్ళో పాలు తాగుతున్న బిడ్డ, అన్నీ చెప్పాను. ముందు పోయిన పిల్లవాడి సంగతి చెప్పాను. పెదవి మీద నెత్తురు సంగతి చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. ముఖంలో ఏళ్ళ తరబడి ఉన్న ముడి ఏదో వదులైనట్టు కనిపించింది. అక్కడితో ఆపేశాను.

"మరి ఎన్నాళ్ళు అనకూడదంట?" అని అడిగాడు.

సంచీలోంచి బట్టలు తీయడం మొదలుపెట్టాను.

"సెప్పమ్మీ. ఎప్పుటికో అప్పుటికి అనాల కదా. ఎన్నాళ్ళు?"

నాకు అబద్ధం రాలేదు. పెళ్ళిదాకా అన్నాను. నీ పెళ్ళి కబురు వస్తుందని చూసిందట, వస్తే ఊరంతా వినేలా చెబుదామనుకుందట అన్నాను.

ఆయనకు దగ్గు తెర వచ్చింది. మంచినీళ్ళిస్తే తాగి, చెంబు నా చేతికిచ్చాడు.

"పెళ్ళైన వారానికి మీయమ్మ ఒక మేస్త్రీని బువ్వకి పిలిచింది" అన్నాడు. "మన కొండవైపు ఊళ్ళన్నీ తిరిగి కూలోళ్ళని తెచ్చీవోడు. మళ్ళీ మనవైపుకి ఓడెక్కతన్నాడు. మీవోళ్ళకి పెళ్ళి కబురు సెప్పమంటావా, ఏ కొత్తవలసైనా ఎతికి సెప్తానన్నాడు. మీయమ్మ సెప్పమని బతిమాలింది."

"నువ్వేమన్నావు?"

"నాకెవులూ నేరన్నాను" అన్నాడు నాన్న.